బాపు పోగొట్టిన నౌకరి

నా చిన్నప్పుడు, మా కాక మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ, పొద్దు వాలితే చాలు నా చెయ్యి ఆయన చేతిలో ఉండేది. కాక అంటే మా బాపుకు ఒక్కగానొక్క తమ్ముడు. కిరాణం కొట్టుకు పోయినా, కుళాయి దగ్గరికి పోయినా, అంగడి నుంచి తిరిగొస్తున్నా "నువ్వు భయపడతవు బిడ్డా, నా చెయ్యి ఇడువకు" అనేవాడు. నిజానికి నాకేం భయం ఉండేది కాదు. అయినా అంత పొడుగు మనిషి నన్ను కాపాడుతూ నడుస్తున్నాడంటే గొప్పగా ఉండేది. అందుకని భయపడుతున్నట్టే నడిచేదాన్ని.

అప్పటికి గోదావరిఖని ఇంకా పట్నం కాలేదు. జొన్నచేన్ల మధ్య కొత్త బొగ్గుగనులు తెరుస్తున్నారు. గనిని మా వైపు బాయి అనే అంటాం. మా బాపు ఊళ్లో ఉన్న కాస్త చెలక భూమిని తల్లికీ తమ్ముడికీ వదిలేసి, అందరికంటే ముందొచ్చి బాయిలో బొగ్గు ఎత్తే పనికి కుదిరాడు. కంపెనీ ఇచ్చిన రేకుల క్వార్టర్‌లో బాపు, అమ్మ, నేను, ఊయలలో ఉన్న మా తమ్ముడు. ఆ చెలక రెండేళ్లు వరసగా ఎండిపోయాక కాక కూడా మా దగ్గరికి వచ్చేశాడు. ఆయన పది పాసయ్యాడు. మా వంశంలో అంత చదివినవాళ్లు అప్పటికి లేరు. చదువుకున్నందుకు సర్కారు నౌకరి రాకుండా పోతుందా అని ఇంటిల్లిపాదికీ నమ్మకం.

ఆ నమ్మకం మెల్లమెల్లగా అరిగిపోవడం నేను కళ్లారా చూశాను. జిల్లా కేంద్రంలో ఎంప్లాయిమెంటు ఆఫీసులో పేరు రాయించుకున్నాడు. ఏదైనా పిలుపు వస్తే ముందురోజు మా అమ్మ ఇత్తడి చెంబులో నిప్పులు వేసి ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేసేది. తాలూకా ఆఫీసులో చప్రాసి ఉద్యోగమని ఒకసారి, రోడ్ల శాఖలో మేస్త్రీ కింద పని అని ఒకసారి, బస్సు డిపోలో అని ఇంకోసారి వెళ్లాడు. ప్రతిసారీ ఎవరో ఒకరికి వచ్చేది, ఈయనకు రాదు. వచ్చినవాడికి ఎవరి అండ ఉందో నాలుగు రోజులకు తెలిసేది. కాక ఆ చొక్కాను మడతపెట్టి పెట్టెలో పెట్టి, ఇంటికి వీపు పెట్టి గడపలో కూర్చునేవాడు. బాపు డ్యూటీ నుంచి వచ్చి ఆ వీపును చూడగానే సంగతి తెలుసుకునేవాడు.  ఒకసారి ధాన్యం గోదాముకు రాత్రి కావలి పని దొరికినట్టే దొరికింది. దానికి మాత్రం కాక వెళ్లనే లేదు. ఎందుకని అమ్మ అడిగితే "పది చదివినోణ్ని, కర్ర పట్టుకొని కుక్కలు కొట్టాల్నా వదినా?" అన్నాడు. ఆ మాటకు అమ్మ చాలా రోజులు నొచ్చుకుంది.

చివరికి కంపెనీ కొత్తవాళ్లను తీసుకుంటున్నదన్నారు. బాయి పనే, కాని కంపెనీ కూడా సర్కారుదే కదా. క్వార్టరు ఉంటుంది, దవాఖాన ఉంటుంది. కాక ఎత్తు, బరువు, ఛాతీ అన్నీ సరిపోయాయి. పట్టపగలు దవాఖాన గోడమీది అక్షరాలన్నీ గడగడా చదివేశాడు. ఆయన పాసయ్యాడని తెలిసిన రోజు మా నాయనమ్మ ఊరి నుంచి వచ్చి వాడకట్టంతా బెల్లం, పుట్నాలు పంచింది. ఎన్నాళ్లుగానో నానుతున్న ఆయన పెళ్లి మాట కూడా కుదిరింది. పిల్ల తండ్రి మా గడపలో కూర్చుని "కంపెనీ నౌకరోనికి ఇస్తున్న, ఇగ నాకేం ఫికర్ లేదు" అన్నాడు. కాక సిగ్గుపడి నవ్వడం నేను అదే మొదటిసారి, అదే చివరిసారి చూశాను.

డ్యూటీలో చేరడానికి ఇంకా కొద్దిరోజులే ఉన్నాయి. ఒక సాయంత్రం అందరం అంగడి నుంచి వస్తున్నాం. పొయ్యిలన్నీ రాజేసిన వేళ, బొగ్గుపొగ కాలనీ మీద దుప్పటిలా పరుచుకుని ఉంది. తమ్ముణ్ని ఎత్తుకున్న అమ్మ, సంచి పట్టుకొమ్మని నన్ను ముందుకు పిలిచింది. నేను కాక చెయ్యి వదిలి వెళ్లాను. అంతలో మలుపులోంచి లైట్లు లేని లారీ ఒకటి వచ్చింది. అందరం పక్కకు తప్పుకున్నాం. కాక మాత్రం రోడ్డు నడుమ నిలబడి, తల అటూ ఇటూ తిప్పుతూ, చప్పుడు ఎటు నుంచి వస్తున్నదో వింటున్నాడు. బాపు భుజం మీది మూట పారేసి ఆయన్ను రెక్క పట్టి గుంజాడు. లారీ వెళ్లిపోయింది. చెల్లాచెదరైన కూరగాయలు బాపే ఏరాడు. 

మరునాడు బాపు మొదటి షిఫ్టు చేసి మధ్యాహ్నం వచ్చాడు. స్నానం చేసి, అన్నం తినకుండానే, కాకను లోపలి గదిలోకి రమ్మన్నాడు. నేను అప్పటికే ఆ గదిలో తమ్ముణ్ని ఊపుతూ ఉన్నాను. బాపు తలుపు వేశాడు. కిటికీ మూసి దానికి గొంగడి అడ్డం కట్టాడు. మొదట నాకూ ఏమీ కనిపించలేదు. కాసేపటికి రేకుల సందులోంచి పడే సన్నని వెలుగులో ఒక్కొక్కటే తేలాయి: నీళ్లకుండ, దండెం మీది బట్టలు, బాపు ముఖం. బాపు తన కుడిచెయ్యి ముందుకు చాచి ఉన్నాడు.

"తమ్మీ, నా చెయ్యి పట్టుకో" అన్నాడు.

"ఏం ఆటనే అన్నా ఇది" అని కాక నవ్వాడు. నవ్వుతూనే చెయ్యి చాచాడు. ఆ చెయ్యి బాపు చేతిని దాటి పక్కకు పోయింది. వెనక్కి వచ్చి, కిందికి దిగి, మళ్లీ లేచి గోడను తాకింది. బాపు చెయ్యి కదల్లేదు. ఇద్దరి చేతుల మధ్యా జానెడు దూరం. నాకు స్పష్టంగా కనిపిస్తున్నది. కాక నవ్వు ఆగిపోయింది. బాపు కళ్ల నుంచి నీళ్లు కారుతున్నాయి. ఆ సంగతి కాకకు తెలియదు.

"ఎప్పటిసంది?" అని అడిగాడు బాపు.

"చిన్నప్పటిసంది గింతగింత ఉండె. ఇప్పుడు ఎక్కువైంది" అన్నాడు కాక.

అది రేచీకటి. నాయనమ్మకు ముందే తెలుసు. తలుపు తీసేసరికి ఆమె గడపలోనే నిలబడి ఉంది. "పగటిపూట డ్యూటీ అడుగు కొడుకా, పగలు మంచిగనే కనిపిస్తది వానికి" అంది. బాపు ఆమె వైపు తిరిగాడు. "బాయిల పగలెక్కడిదే అవ్వా?" అన్నాడు.

కాక బాపు కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "అన్నా, నీ ఎన్కనే నడుస్త. నెత్తి మీద లైటుంటది గద. ఒక్క నెల చూడు, నీ కాళ్లు మొక్కుత" అన్నాడు. ఆ లైటు ఒక్కచోటనే పడుతుందని, దాని పక్కంతా చీకటేనని, తాడుతో లాగే బొగ్గు డబ్బాలు పట్టాల మీద ఏ పక్క నుంచి వస్తాయో అందరూ ఆ మసక వెలుగులోనే చూసి తప్పుకోవాలని బాపు నెమ్మదిగా చెప్పాడు. "నీకు దెబ్బ తాకుడొక్కటే కాదు తమ్మీ. నీ పక్కనోడు పడ్డా నువ్వు సూడలేవు" అన్నాడు. కాక వింటూనే ఉన్నాడు. కాని ఆయన ముఖంలో వినడం లేదు, అడుక్కోవడమే ఉంది.

అమ్మ కూడా ఆ రోజు కాక పక్షమే. ఆమె తప్పేమీ లేదు. ఇంకో ఏడాది గడిస్తే సర్కారు నౌకరికి కాక వయసు దాటిపోతుంది. ఇది పోతే పెళ్లీ పోతుంది. "దాసిపెట్టి బతికెటోళ్లు ఎంతమంది లేరు? నువ్వొక్కనివే దేవునివా?" అని బాపును నిలదీసింది.  బాపు తినకుండానే అన్నం పళ్లెం పక్కకు జరిపాడు.

తెల్లవారి ఆయన డ్యూటీకి పోలేదు. నాకు చెవిపోటు. మందు ఇప్పిస్తానని నన్ను తీసుకుని కంపెనీ దవాఖానకు బయలుదేరాడు. నా చెవిలో మందు వేయించాక, నన్ను పక్కన నిలబెట్టుకునే డాక్టరుతో సంగతంతా చెప్పాడు. ఆ డాక్టరు పెద్దాయన. రోగం దాచుకోవడానికి వచ్చినవాళ్లను చూశాను గాని సొంత తమ్ముడికి ఉందని చెప్పడానికి వచ్చినవాణ్ని చూడలేదన్నాడు. ఇది రాస్తే మళ్లీ కంపెనీలోకి రాలేడు, తెలుసా అని అడిగాడు. "తెలుసు సార్" అన్నాడు బాపు. తర్వాత చేతులు జోడించాడు. "పైన ఏదన్న పని ఇప్పియ్యుండ్రి సార్. ఊడుస్తడు, చెట్లకు నీళ్లు పోస్తడు. పగలు మంచిగ కనిపిస్తది." డాక్టరు అది తన చేతిలో లేదన్నాడు.

అక్కడి నుంచి బాయి ఆఫీసుకు వెళ్లాం. అక్కడి గుమాస్తా చెడ్డవాడేమీ కాదు. బాపును కూర్చోమన్నాడు కూడా. "పైన పని లోపల దెబ్బలు తాకినోళ్లకేనే. వాళ్లే శానమంది ఎదురుచూస్తున్నరు. అసలు లోపలికే పోనోనికి ఎట్లిస్తరు?" అన్నాడు.  లోపలికి దిగి కాలో చెయ్యో పోగొట్టుకుంటే దొరికే పని, దిగకముందు దొరకదన్నమాట. పిల్లనైనా ఆ సంగతి నాకు అర్థమైంది. ఇంటికి వచ్చేటప్పుడు బాపు నన్ను ఎత్తుకున్నాడు. అంత పెద్దపిల్లను ఎందుకు ఎత్తుకున్నాడో తెలియదు.

కాకను మళ్లీ పిలిచి, చీకటి గదిలో పరీక్ష చేసి, పనికి రాడని రాశారు. పిల్ల తండ్రి మళ్లీ మా గడప తొక్కలేదు. నాయనమ్మ వాడకట్టంతా వినేట్టు "తోడబుట్టినోని నోట్ల మన్ను కొట్టినవు గదరా" అని ఏడ్చి, తన మూట సర్దుకుంది. కాక మాత్రం అరవలేదు, తిట్టలేదు. మండే ఎండలో తల్లిని వెంటబెట్టుకుని రామగుండం స్టేషన్ వైపు నడిచాడు. బాపు వాళ్లకు కొంత దూరంలో వెనకాలే వెళ్లాడు. నేను గడపలో నిలబడి చూశాను. కాక ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. బాపు ఒక్కడే తిరిగొచ్చి, కుండలో నీళ్లు ముంచుకుని, తాగకుండానే మళ్లీ కుండలో పోశాడు.

ఇదంతా చెబితే, తర్వాత ఆ బాయిలో ఏదో ప్రమాదం జరిగి, మా బాపు చేసింది మంచిదేనని అందరికీ తెలిసొచ్చి ఉంటుందని అనుకుంటారు. అలాంటిదేమీ జరగలేదు. కాకతోపాటు పాసైనవాళ్లు నాకు తెలిసినంతవరకు క్షేమంగానే ఉన్నారు. క్వార్టర్లు వచ్చాయి, పిల్లలు బడికి పోయారు. వాళ్లు ఎదురైనప్పుడల్లా బాపు తల వంచుకునేవాడు. "వాడు కూడ ఎట్లనో అట్ల దేవులాడుకుంట బతికెటోడు" అని వాడకట్టువాళ్లు ఆయన వినేలాగే అన్నారు. ఊళ్లో కాక ఇతరుల గొర్రెలు కాస్తూ, పొద్దు ఉండగానే ఇల్లు చేరుతూ కొన్నేళ్లు గడిపాడు. తర్వాత పగటి చూపూ పోయింది. పెళ్లి కాలేదు. బాపు పండుగకు కొన్న బట్టలు తీసుకుని పోతే తలుపు తీయలేదు. నాయనమ్మ పోయినప్పుడు బాపు పాడె ఒక కొమ్ము, కాక ఇంకో కొమ్ము పట్టారు. అప్పుడూ మాట లేదు.

డెబ్బైల చివర్లో నాకు సర్కారు దవాఖానలో నర్సు ఉద్యోగం వచ్చింది. బాయి పని పక్కన పెడితే, మా ఇంట్లో సర్కారు నౌకరికి ఎక్కిన మొదటిదాన్ని నేనే. మిఠాయి పొట్లం కట్టించి "మీ కాకకు చెప్పి రా బిడ్డా" అన్నాడు బాపు. వెళ్లాను. కాక నా గొంతు గుర్తుపట్టి నా తల, భుజాలు తడిమాడు. "నీకన్న నౌకరి అచ్చింది. మంచిగ చేసుకో" అన్నాడు. మిఠాయి నోట్లో వేసుకున్నాడు. దవాఖాన సంగతులు, తమ్ముడి చదువు అన్నీ అడిగాడు. చీకటి పడేదాకా కూర్చున్నాను, ఒక్క మాట కోసం. ఆ మాట రాలేదు.

ఇంటికి వచ్చేసరికి బాపు వాకిట్లోనే ఉన్నాడు. "నా ముచ్చటేమన్న అడిగిండా?" అన్నాడు. అడిగాడని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. కాని ఆ మనిషి ముందు అబద్ధం చెప్పలేకపోయాను. "అడగలే బాపూ" అన్నాను. తల ఊపాడు. నేనే ధైర్యం చేసి, ఆనాడు చెప్పకుండా ఉంటే ఏమయ్యేదని అడిగాను.

"తెల్వది బిడ్డా" అన్నాడు. "మంచిగనే ఉండేటోడో, సచ్చేటోడో నాకేం తెల్సు? తెల్వని దాంట్లకు వాణ్ని తోల బుద్ధి కాలే. గంతే."

బాపు ఇప్పుడు లేడు, కాక లేడు. నేను రిటైరై చాలా ఏళ్లైంది. నౌకరిలో ఉన్నన్నాళ్లూ, కొలువుకు కావాల్సిన ఫిట్‌నెస్ కాగితం కోసం దగ్గును గొంతులోనే నొక్కిపట్టి నిలబడ్డ పిల్లల్ని ఎందరినో చూశాను. అలాంటివాళ్లను డాక్టరుకు చూపించి చెప్పినప్పుడల్లా వాళ్ల తల్లులు నన్ను శపించారు. అది సరైన పనేనని ఎవరూ వచ్చి చెప్పలేదు, నాకూ ఖాయంగా తెలియదు. మంచి చేసినవాడికి ఎప్పటికైనా మనశ్శాంతి దక్కుతుందని ఎవరైనా అంటే నేను ఊరుకుని వింటాను గాని నమ్మను. మా బాపుకు దక్కలేదు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నది, అది దక్కదని తెలిసీ వెళ్లి చెప్పి రావడం.