పరగడుపున పంజగుట్టకు

మా తమ్ముడు నరేష్‌ని తీసుకుని పంజగుట్ట వెళ్లొచ్చాను. మాలాంటి వాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. వాడు పనిచేసే ఫ్యాక్టరీలో మంటలు అంటుకుని నాలుగు నెలలైంది. వాడి ఒంటి మీద చిన్న బొబ్బ కూడా లేదు. పక్కనే పనిచేసే శ్రీను మాత్రం బయటికి రాలేదు. అప్పటినుంచి నరేష్‌కి నిద్ర లేదు, మాట లేదు, తలుపు మూసిన గదిలో నిలవడు. ఒకరోజు "నేనెందుకు బతికిన అక్కా" అన్నాడు. మా ఊరి దవాఖాన నర్సమ్మ, పంజగుట్టలో మనసుకు వైద్యం చేసే గ్రేస్ మేడమ్ పేరు చెప్పింది. ఫోన్ చేస్తే మంగళవారం పదకొండుకు రమ్మన్నారు.

పొద్దున ఆరున్నరకు జనగామలో ప్యాసింజర్ ఎక్కాం. ఎదురుగా పూలమ్మే ఆవిడ ఇడ్లీ పొట్లం విప్పి నరేష్‌కి రెండు పెట్టబోయింది. నేను అడ్డుపడ్డాను. రక్తపరీక్షలు రాస్తారని రాత్రి నుంచి వాడికి మంచినీళ్లు తప్ప ఏమీ ఇవ్వలేదు. దవాఖానకు పోతున్నామని చెబితే, "పిలగాని మొఖం పీక్కపోయింది, జర సూడు" అని ఆవిడ నన్నే కోప్పడింది. నేను వినలేదు. ఒళ్లో స్కానింగుల సంచి పెట్టుకుని కూర్చున్నాను.

తొమ్మిదికి సికింద్రాబాద్. మెట్రో అయితే తొందరగా చేరేవాళ్లం గానీ, తలుపులు మూసుకునే బండి వాడు ఎక్కనన్నాడు. సిటీ బస్సు పట్టుకున్నాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఉచితం కాబట్టి నాకు డబ్బుల్లేవు, వాడికే టికెట్. అమీర్‌పేటలో దిగి, కోచింగ్ సెంటర్ల కాగితాలు పంచేవాళ్లను తప్పించుకుంటూ నడిచి, పదకొండుకు ఐదు నిమిషాల ముందు పంజగుట్టలో మేడమ్ క్లినిక్‌కి చేరాం.

మూడో అంతస్తుకు మెట్లెక్కాం. వరండాలో బురఖాలో ఒక తల్లి, సైగలతో మాట్లాడుకునే ఇద్దరు విద్యార్థులు, చీరకట్టులో ఒక ట్రాన్స్‌జెండర్ మనిషి ఉన్నారు. నేను చీరలో ఉన్న ఆమె పక్కన కూర్చోవడానికి తటపటాయిస్తుంటే, ఆమే తన సంచి తీసి చోటిచ్చింది. సిగ్గేసింది. మాకిచ్చిన ఫారంలో కులం, మతం లేవు. మిమ్మల్ని ఏమని పిలవాలి, కోపమొస్తే ఏ భాషలో తిడతారు అని ఉంది. రెండోది చదివి నరేష్ కొంచెం నవ్వాడు.

గ్రేస్ మేడమ్ వరండాలోకే వచ్చారు. యాభై దాటిన మనిషి. నేను ఫైలు విప్పి వాడి సంగతులన్నీ ఏకరువు పెట్టాను. అంతా విని ఆమె వాడి వైపు తిరిగారు.

"నరేష్ గారూ, పొద్దున ఏం తిన్నారు?"

వాడు నన్ను చూశాడు. పరగడుపున తెచ్చానని ఒప్పుకున్నాను. ఇక్కడ రక్తం తీయరని, ఖాళీ కడుపుకి భయం ఎక్కువని చెప్పి, ముందు కింద టిఫిన్ చేసి రమ్మన్నారు. తిట్టినా తేలిగ్గా ఉండేది. మీరు వెళితే మాత్రం తినే వెళ్లండి.

దోసెలు తిని వచ్చాక, ఎక్కడ కూర్చుంటారని వాడినే అడిగారు. వాడు మెట్లు చూపించాడు. ఆమె కుచ్చిళ్లు సర్దుకుని వాడికంటే ఒక మెట్టు కింద కూర్చున్నారు.

"ఆ రోజు ఏం జరిగిందో నాకు చెప్పక్కర్లేదండి. ఎప్పటికీ చెప్పకపోయినా వైద్యం ఆగదు."

బిగుసుకున్న వాడి భుజాలు కిందికి దిగాయి. నేను దూరంగా వెళ్లిపోయాను.

గంట తర్వాత నన్ను పిలిచారు. 'నేనెందుకు బతికిన' అన్న మాట గురించి వాడిని సూటిగానే అడిగారట. వారం వారం తీసుకురమ్మని, ఈలోగా ఒంటరిగా వదలొద్దని చెప్పారు. అడిగితే తన సంగతీ చెప్పారు, ఆమె మొదట సర్కారు దవాఖానలో, కాలిన గాయాల వార్డులో పదమూడేళ్లు నర్సుగా చేశారు. పుండ్లు మానినవాళ్లు నిద్ర పట్టడం లేదని మళ్లీ వచ్చేవారట. వాళ్లకివ్వడానికి తన దగ్గర మందు లేదని నలభై ఏళ్ల వయసులో సైకాలజీ చదివారు. మెడలో సిలువ చూసి, ప్రార్థన కూడా చేయించాలా అని అడిగేశాను.

"నా ప్రార్థన మా ఇంట్లోనండి. ఇక్కడికి ఎవరి దేవుడితో వాళ్లు రావచ్చు. దేవుడు లేకపోయినా రావచ్చు."

మూడున్నరకు తిరుగు రైలు. ఘట్‌కేసర్ దాటేదాకా నరేష్ కిటికీ బయటికే చూశాడు. తర్వాత నా వైపు తిరగకుండానే మెల్లగా అన్నాడు.

"శ్రీను పిలిచిండక్కా. నాకు ఇనబడ్డది. నేను ఆగలే."

నేను ఒళ్లో సంచి పక్కన పెట్టి వాడి దగ్గరికి జరిగాను. వాడు నా భుజం మీద తల పెట్టి, రైలు పెట్టెలో అందరూ చూస్తుండగా వెక్కి వెక్కి ఏడ్చాడు. నాలుగు నెలల్లో ఇదే మొదటిసారి. తమ్ముడు ఏడుస్తుంటే సంతోషించే అక్క ఉంటుందా అంటే, నేనున్నాను. నా ప్రాణం లేచొచ్చింది.