కండక్టరు లేని బస్సు

కోడలు పనికి వెళ్లగానే, రిటైరైన బస్సు డ్రైవరు గోడకు చేరగిలబడి మనవరాలిని ఒళ్లో కూర్చోబెట్టుకుంటాడు. గిన్నె మూత స్టీరింగు, తాత ముక్కు హారను. మలుపొస్తే ఇద్దరూ ఒక పక్కకి ఒరుగుతారు. వంటింటి స్టాపులో పాలసీసా ఎక్కుతుంది. సాయంత్రం దాకా పాపకు ఏడుపన్నది గుర్తుకే రాదు.

ఒక రోజు, ఏళ్ల తరబడి ఆయనతో ఒకే బస్సులో తిరిగిన కండక్టరు వచ్చి, గుమ్మంలో నిలబడి మూతి విరిచాడు. "అంత పెద్ద బస్సు నడిపినవాడివి, ఆయా పనికి దిగావా? నలుగురూ నవ్విపోతార్రా."

తాత మూత మీంచి చెయ్యి తియ్యలేదు. "నవ్వనీరా. నా బస్సుకి నవ్వేవాళ్లే కావాలి. ఎక్కితే లోపలికెక్కు, ఫుట్‌బోర్డు మీద వేలాడకు."

పాప ఆయన ముక్కు నొక్కింది. డ్రైవరయ్యాక మొదటిసారి, కండక్టరు ఎదురుగా ఉన్నా, అతను 'రైట్ రైట్' అనకుండానే ఆయన బస్సు తీసేశాడు.