గోడెక్కిన నీటికాకి

కృత్తివెన్ను వైపు ఒక ఊళ్లో, ఊరు ఊరంతా నా బొమ్మ ముందు నోరెళ్లబెట్టి నిలబడిపోయిందంటే నమ్ముతారా? మా బందరులో ఏ ఆర్టిస్టుకీ ఇంత ఘనత దక్కలేదు! కాకపోతే, నోరు మూసుకున్నాక వాళ్లు అడిగింది సున్నం బకెట్.

కూర్చోండి, చెప్తాను. నిలబడే ఓపిక నాకెలాగూ లేదు.

ఊరినీ ప్రకృతినీ కలిపే బొమ్మ ఒకటి కమ్యూనిటీ హాలు గోడ మీద వెయ్యాలి. నాకు సొంతంగా దొరికిన మొదటి గోడ! ముందు ఊరి మనసు తెలుసుకోవాలిగా? అందర్నీ కూర్చోబెట్టి అడిగాను: "పొద్దున లేవగానే మీకు గుర్తొచ్చే పక్షి ఏదండీ?"

"నీటికాకి!" అందరూ ఒక్కసారే అన్నారు. ఒకాయనకైతే కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అబ్బ, ఎంత ప్రేమో అనుకున్నా.

ఐదు రోజులు. మే నెల ఎండ. ఎవరికీ కనపడకుండా పరదా కట్టి, నిచ్చెన మీద నిలబడి నిలబడి, నడుము నాది కాకుండా పోయింది. పది అడుగుల నీటికాకి! రెక్కలు చాపి, ముక్కున చేపతో.

పరదా తీశాం. ఊరంతా నోరెళ్లబెట్టింది.

చేపల చెరువుల రైతు వెంకట్రావు గారు దగ్గరికొచ్చి చూశారు. "బాబూ, దాని నోట్లో ఉన్నది మా శీలావతేగా?"

"అంటే... ఏదో చేపండీ."

"తెల్లారగట్టే లేచి టపాసులు కాల్చి మేం తోలేది దీన్నే. నువ్వు తెచ్చి గోడెక్కించావా!"

నేనూ తగ్గలేదు. "ప్రకృతి లేకపోతే మనం లేమండీ!"

"ఇది ఉంటే మేం లేం బాబూ."

బకెట్ వచ్చేసింది. బ్రష్ కూడా తడిపారు. నా మొదటి గోడ! అప్పుడు డ్వాక్రా సంఘం సువార్తమ్మ గారు అడ్డొచ్చారు. "ఎందుకయ్యా గోల? పక్కనే తోలే మనిషిని కూడా వెయ్యమనండి. అదీ ఉంటుంది, మనమూ ఉంటాం."

మళ్లీ నిచ్చెన. ఇంకో రెండు రోజులు. వెంకట్రావు గారు కింద కుర్చీ వేసుకుని ఒకటే డైరెక్షన్: "మీసం నల్లగా వెయ్యి బాబూ. కర్ర ఇంకాస్త పొడుగు చెయ్యి."

ఇప్పుడు ఊరంతా ఆ గోడ దగ్గరే సెల్ఫీలు. నేనేమో నడుముకి జండూబామ్.

అయ్యో పాపం అనకండి, ఒక విషయం దాచాను. ఆ వారమంతా నా భోజనం వెంకట్రావు గారింట్లోనే. చేపల పులుసు, పూటకి నాలుగు ముక్కలు, అడిగి మరీ వేయించుకున్నా. ఆయన చెరువు ఖాళీ చేసింది గోడ మీదున్నది కాదండీ, నిచ్చెన మీదున్నది.