కునుకు తీసిన రోడ్డు లెక్కలోకి రాదు

మామగారికి ఉన్న పిచ్చి ఒక్కటే. తాను వెళ్ళొచ్చిన ప్రతి హైవేనీ ఇంటి గోడ మీద ఎర్రరంగుతో గీస్తారు. అందులోనూ ఒక నియమం ఉంది. దారిలో కునుకు తీస్తే, ఆ కునుకు పట్టినంత మేరా గీత గీయకుండా ఖాళీగా వదిలేస్తారు. కళ్ళతో చూడని రోడ్డు మీద వెళ్ళినట్టే కాదని ఆయన వాదన.

కోడలు కాపురానికి వచ్చిన రోజు హాల్లో అడుగుపెట్టి, నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది. నేల నుంచి కప్పు దాకా ఎర్రటి రోడ్లు! డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరైన చెయ్యి కదా, ప్రతి మలుపూ ఊపిరి బిగబట్టి గీసినట్టుంది. వంతెనలున్నాయి, టోల్‌గేట్లున్నాయి, ఒకచోట రోడ్డుకి అడ్డంగా పడుకున్న గేదె కూడా ఉంది. గోడ చాలక ఓ హైవే తలుపు చుట్టూ తిరిగి, వంటింట్లోకి దూరి, ఫ్రిజ్ వెనక మాయమైంది.

"ఫ్రిజ్ వెనక ఏ ఊరుంది అత్తయ్యా?"

"సముద్రం అమ్మా. ఫ్రిజ్ జరిపినప్పుడల్లా చూపిస్తారు, కంగారుపడకు."

ఇంత దారీ ఒక్క మనిషి కళ్ళలో ఎలా పట్టిందా అని కోడలికి ఒళ్ళు గగుర్పొడిచింది.

నిద్ర రాకుండా మామగారి జేబులో ఎప్పుడూ మిరియాల డబ్బా ఉంటుంది. కన్ను మూతపడబోతే రెండు గింజలు నమిలి, కళ్ళనీళ్ళు కారుస్తూ రోడ్డు చూస్తారు. ఒక్కసారి మాత్రం ఆ డబ్బా మరిచిపోయారు.

"మా చెల్లెలి పెళ్ళికి వెళ్తున్నాం," అంది అత్తగారు. "బస్సులో కునుకు పట్టింది. లేస్తూనే ఆపండి ఆపండి అని అరిచి, దిగి, వెనక్కి పోయే బస్సెక్కేశారు. నేను పెట్టెలతో ముందుకెళ్ళిపోయాను. ఆయన వచ్చేసరికి పందిట్లో కుర్చీలు మడతపెడుతున్నారు."

"మీరేమీ అనలేదా?"

"అడిగాను, ఆ ముక్క పూర్తయిందా అని. కాలేదంటే మళ్ళీ పోతారుగా!"

అలాంటి మనిషి ఇంట్లో ఉండగా, కోడలికి హైవే అంటేనే గుండె దడ. కారు నేర్చుకుంది, వీధుల్లో బాగానే నడుపుతుంది. కానీ హైవేలో ఏటి మీది పొడవాటి వంతెన ఎక్కిన మొదటిసారే, రెండు పక్కలా లారీలు రాగానే చేతులు బిగుసుకుపోయి నడిమధ్యలో ఆపేసింది. వెనక హారన్లు చెవులు చిల్లులు పొడిచాయి. చివరికి ఓ లారీ డ్రైవరు దిగొచ్చి కారుని ఒడ్డు చేర్చాడు. ఏడుస్తూ ఇంటికొచ్చి తాళాలు బల్ల మీద పడేసింది. ఆ వంతెన అవతలి ఊరి ఆసుపత్రి ల్యాబులోనే ఆమెకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. డ్యూటీ వేళకి అందే బస్సు లేదు. వచ్చే నెల చేరాలి.

"భయమైతే మానెయ్, ఇంకోటి చూసుకోవచ్చు," అన్నాడు భర్త. ఎంతో చదివి తెచ్చుకున్న ఉద్యోగం. ఆ మాటకి ఆమెకు ఇంకా ఏడుపొచ్చింది.

రెండు రోజులాగి మామగారు గోడ ముందు నిలబడి తల పట్టుకున్నారు. "అమ్మాయ్, ఘోరం జరిగిపోయింది! ఆ వంతెన ముక్క నా గోడ మీద ఖాళీగా ఉంది. కంటి ఆపరేషనయ్యాక డాక్టరు నన్ను స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. నువ్వే తీసుకెళ్ళాలి."

"నేనా? ఆ వంతెన మీదా?"

"నువ్వు రోడ్డు చూడు, మిగతాది నేను చూసుకుంటా."

చూసుకున్నారు, బాగానే. వంతెన ఎక్కీ ఎక్కకముందే గురక! ఆమె ఇష్టదేవతలందర్నీ తలుచుకుంటూ, చెమటలు కక్కుతూ అవతలి ఒడ్డుకి చేరింది. అప్పుడు లేచారు.

"అయ్యో, కునుకు పట్టేసిందే! ఈ ముక్క లెక్కలోకి రాదు. రేపు మళ్ళీ వద్దాం."

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. "మిరియాలు నమలకూడదా మామయ్యగారూ?" అని కసిరితే, "డబ్బా ఇంట్లో మరిచిపోయానమ్మా," అనేవారు. గురక పెడుతున్న మనిషి కాలు అక్కడ లేని బ్రేకుని తొక్కుతూ ఉండటం ఆమె గమనించింది కానీ, ఆలోచించే తీరిక ఎక్కడిది, పక్కన లారీ! ఆయన మీద కోపంలో భయం ఎప్పుడు సడలిందో ఆమెకే తెలియలేదు. చివరిసారి లారీని దాటేసి మరీ వెళ్ళింది.

ఉద్యోగంలో చేరే ముందురోజు హాలు తుడుస్తుంటే, తడిబట్ట తగిలి గోడ మీద సున్నం ఊడొచ్చింది. కింద ఎర్రగీత. ఇంకాస్త తుడిచింది. దీపస్తంభాలతో సహా ఆ వంతెనే!

"అది కట్టిన కొత్తలోనే వెళ్ళొచ్చి గీశారమ్మా," అంది అత్తగారు. "నువ్వు ఏడుస్తూ వచ్చిన మర్నాడు పొద్దున్నే సున్నం కలుపుతూ కనిపించారు. మిరియాల డబ్బా కూడా కావాలనే వదిలేసి వెళ్ళేవారు."

కోడలు బట్ట పక్కన పెట్టి, మిగిలిన సున్నాన్ని వేలితో గీకి చూసింది. గోడ కోసం మరదలి పెళ్ళే వదులుకున్న మనిషి, తన కోసం గోడ మీది నిజమైన గీతకే సున్నం కొట్టారు. మొదటిరోజు ఈ గోడ చూసి కలిగిన ఆశ్చర్యం దీని ముందు ఏపాటిది అనిపించింది.

"మామయ్యగారూ, అదంతా దొంగనిద్రే కదూ?" అంది, అప్పుడే హాల్లోకి వచ్చిన ఆయనతో.

మామగారు బుర్ర గోక్కున్నారు. "మొదట్లో దొంగదే. నీ డ్రైవింగులో నిద్రపోవడానికి నాకు ప్రాణం మీద తీపి లేదా ఏంటి? కానీ ఆ చివరిసారి... నిజంగానే పట్టేసిందమ్మా."

"సరే, సున్నం మొత్తం తుడిచేస్తాను. పాత గీత ఉందిగా."

"కుదరదు! చెరిపిన గీత చెల్లదు. కళ్ళు తెరుచుకుని మళ్ళీ దాటాల్సిందే."

మర్నాడు ఆమె డ్యూటీకి బయల్దేరేసరికి ఆయన ముందు సీట్లో సిద్ధంగా కూర్చుని ఉన్నారు. కారు వంతెన ఎక్కుతుండగా జేబులోంచి మిరియాల డబ్బా తీశారు.

"ఇవాళ మరిచిపోలేదే!" అంది కోడలు.

"నీ డ్రైవింగుని ఇప్పుడు నమ్మలేం తల్లీ, ఇట్టే నిద్ర పట్టేస్తుంది," అంటూ గుప్పెడు నోట్లో వేసుకున్నారు.