అవ్వ తప్పు పలికిన మాట

ఈ కొత్త సంవత్సరం పొద్దున ఆరాధనలో, ఏటా లాగే మా సంఘంలో వాగ్దానాల పళ్లెం వరసల మధ్య తిప్పారు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. దేవుడు మనుషులకిచ్చిన మాటల్ని చిన్న చిన్న అట్టముక్కల మీద అచ్చువేసి, బోర్లించి పళ్లెంలో పెడతారు. కళ్లు మూసుకుని ఒకటి తీసుకోవాలి. ఆ ఏడాదికి అది మనది. తీసింది నచ్చకపోతే కొందరు గుట్టుగా తిరిగి పెట్టేసి ఇంకోటి తీస్తారు. దేవుడు చూసినా ఫరవాలేదు గానీ పక్కవాళ్లు చూడకూడదు. నేనూ ఒకటి తీసి తిప్పి చూస్తే అందులో "ఎడబాయను" అన్న మాట కనిపించింది. పక్కనున్నామె తొంగిచూసి, "మంచి వాగ్దానం వచ్చింది టీచరమ్మా, ఇగ ఏడాదంత ఫికర్ లేదు" అంది. దాన్ని పర్సులో పడేసుకుని, చివరి ప్రార్థన కాకముందే బయటికొచ్చి చెప్పులు వెతుక్కున్నాను.

ఎడబాయను అంటే విడిచిపెట్టను అని. ముప్పై ఏళ్లుగా బడిలో తెలుగు చెబుతున్నదాన్ని, ఆ మాటకు అర్థం నాకెవరూ చెప్పక్కర్లేదు. మా అవ్వకు, అంటే మా అమ్మకు, దాని అర్థం చెప్పిందీ నేనే. చెప్పకుండా ఉంటే ఎంత బాగుండేదో అని చాలా ఏళ్లుగా అనుకుంటున్నాను.

మాది హుజూరాబాద్. మా చిన్నప్పుడే బాపు పోతే, అవ్వ బీడీలు చుట్టి నన్నూ తమ్ముణ్నీ సాకింది. సంఘంలో ఎవరూ మెచ్చే పని కాదది. పొగ తాగడం పాపమని పాస్టరుగారు గట్టిగా చెప్పిన ఆదివారం అవ్వ అందరికంటే ముందు కూర్చుని ఆమేన్ అనేది, సోమవారం పొద్దున్నే మళ్లీ ఆకుల చాట ఒళ్లో పెట్టుకునేది. ఎవరైనా అడిగితే, "గది దేవుడు, నేను మాట్లాడుకుంటం తియ్యి" అనేది. అవ్వకు అక్షరం ముక్క రాదు. కానీ ఇంట్లో ఏం జరిగినా అందులోంచి ఒక పాఠం తీయందే ఊరుకునేది కాదు. పాలు పొంగితే ఒక పాఠం, కోడిపెట్ట పిల్లల్ని రెక్కల కిందికి తీసుకుంటే ఒక పాఠం. బీడీల కోసం తునికాకులు తడిపేటప్పుడు మాత్రం ఎప్పుడూ ఒకటే చెప్పేది. "ఎండిన ఆకు సుడితే పలుగుతది బిడ్డా. నానినంకనే మాట ఇంటది. దేవుడు మనకు కండ్లనీళ్లు ఊకనే ఇచ్చిండా?" ఒకసారి తమ్ముడికి పప్పులో రాయి తగిలింది. అవ్వ అప్పుడే పాఠం మొదలుపెట్టబోతే, వాడు దవడ పట్టుకుని, "పాఠం తర్వాత జెప్పవ్వా, ముందుగాల నీళ్లియ్యి" అన్నాడు. ఆ రోజు మేం ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం.

తమ్ముడు నాకంటే పదేళ్లు చిన్న. మరమగ్గాల షెడ్డులో పనిచేసేవాడు. ఆ చప్పుడుకి చెవులు సగం పోయి, ఇంట్లో ఉప్పు అడిగినా ఊరందరికీ వినపడేది. ఒక కొత్త సంవత్సరం అవ్వ తీసిన వాగ్దానపు చీటీని అలాగే అరిచి చదివి వినిపించాడు. అవ్వ నాలుగుసార్లు చదివించుకుని నోటికి పట్టింది. అయితే ఎడబాయను అన్నది ఆమె చెవిలో "ఏడ బాయెను" అని పడింది. మా వైపు ఏడ బాయె అంటే ఎక్కడికి పోయాడని. కత్తెర కనపడకపోయినా, కోడిపెట్ట కనపడకపోయినా అవ్వ రోజుకు పదిసార్లు అనే మాటే. కాబట్టి ఆమెకు అందులో వింతేమీ తోచలేదు. పైగా దానికీ ఒక పాఠం దొరికింది. "తోటల ఆదాము దాసుకుంటే, ఏడున్నవని దేవుడు దేవులాడలేదా? గట్లనే నా బిడ్డ ఏడ బాయె, ఏడ బాయె అని మన కోసం తిరుగుతుండు" అనేది. తమ్ముడు షెడ్డునుంచి రావడం ఆలస్యమైతే దర్వాజ దగ్గర నిలబడి ఆ మాటే అనుకునేది. "నేనే గింత పరేషాన్ అయితే, గాయిన ఎంత అయితుండో" అని దేవుడి మీద జాలి కూడా పడేది.

అప్పటికి నేను పెళ్లయి కరీంనగర్‌లో ఉన్నాను. ఓ ఆదివారం అవ్వను చూడ్డానికి వెళ్లి, ఆమెతో పాటు ఆరాధనకు పోయాను. దేవుడు తమకు చేసిన మేలును అందరి ముందు సాక్ష్యంగా చెప్పుకునే వేళ అవ్వ లేచి, కొంగు సర్దుకుని, తన వాగ్దానాన్ని తనకు తెలిసినట్టు చెప్పింది. నాకు తల కొట్టేసినట్టయింది. తెలుగు టీచరు తల్లి నలుగురిలో అలా పలకడమేమిటని అనిపించి, కూర్చున్న చోటునుంచే, "ఏడబాయెను కాదవ్వా, ఎడబాయను. విడిచిపెట్టను అని అర్థం" అన్నాను. సంఘమంతా ఘొల్లుమంది. అవ్వ కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వి కూర్చుంది. ఆ తర్వాత ఎన్నడూ సాక్ష్యానికి లేవలేదు. ఇంటికి వస్తుంటే తమ్ముడు, "ఆదివారం గూడ ఎర్రపెన్ను సంచిల ఏసుకొని తిరుగుతవా అక్కా?" అన్నాడు. తప్పు తప్పేరా అన్నాను.

మరుసటి ఏడు షెడ్డు మూతపడింది. మగ్గాలను తుక్కు కింద అమ్మేశారు. తమ్ముడు ఆరేడు నెలలు ఇంట్లోనే కూర్చున్నాడు. మొదట్లో పరాచికాలాడేవాడు, తర్వాత అవీ మానేశాడు. ఓ పండుగ సెలవుల్లో వెళ్లి, గోడకు ఆనుకుని కూర్చున్న వాణ్ని చూసి, "అవ్వ బీడీల మీద ఎన్నొద్దులు బతుకుతవ్ రా? సిగ్గనిపిస్తలేదా?" అన్నాను. ఎన్ని మాటలైనా తిప్పికొట్టే వాడు ఆ రోజు లేచి, తల వంచుకుని బయటికి పోయాడు. మూడో నాడు బోథ్ దగ్గర పత్తి మిల్లులో పని దొరికిందని బట్టలు సర్దుకుని పోయాడు. నాలుగు రోజులు అవ్వకు ఫోను చేశాడు. ఐదో నాటినుంచి ఫోను పలకలేదు.

అవ్వా నేనూ బోథ్ పోయాం. మిల్లు మేస్త్రీ, "నాలుగొద్దులు మంచిగనే చేసిండమ్మా. ఐదో నాడు రాలే. ఊరికి పోయిండనుకున్నం" అన్నాడు. పోలీసులకు ఫోటో ఇచ్చాం. జైనూర్‌లో అలాంటివాణ్ని చూశామని ఎవరో అంటే అక్కడికీ పోయాం. టీ కొట్టు దగ్గర కూర్చున్న ఆ మనిషికి తమ్ముడి ఎత్తూ, వాడు వేసుకునే రంగు చొక్కా ఉన్నాయి గానీ మొహం వేరు. అవ్వ అతని తల నిమిరి, "నువ్వు కాదు బిడ్డా" అంది. తిరుగు బస్సులో అవ్వ ఏదో ఒక పాఠం చెబుతుందని నేను ఎదురుచూశాను. తప్పిపోయిన గొర్రె కథ ఆమెకు కంఠతా వచ్చు. ఆసిఫాబాద్ దాటాక, ఏమన్నా మాట్లాడవ్వా అంటే కిటికీలోంచి చూస్తూనే, "ఇంకెంత నానాలె బిడ్డా ఆకు?" అంది.

కనపడకుండా పోయినవాడికి సమాధి ఉండదు, జ్ఞాపకార్థ కూడిక కూడా ఉండదు. మొదటి ఏడాది ప్రతి ఆదివారం సంఘంలో వాడి పేరెత్తి ప్రార్థన చేశారు. తర్వాత పండుగలకు చేశారు. ఆ తర్వాత వాళ్లకూ ఏమని ప్రార్థించాలో తెలియలేదు. అవ్వ మాత్రం నేను దిద్దిన మాట వదిలేసి మళ్లీ తన మాటే పట్టుకుంది. ఆకులు కత్తిరిస్తూ, అన్నం ముందు కూర్చుని, ఏడ బాయె, ఏడ బాయె అనుకునేది. అది దేవుడు అడుగుతున్నట్టు కాదు, ఆమే దేవుణ్ని అడుగుతున్నట్టు ఉండేది.

మూడేళ్ల తర్వాత జబ్బుపడితే నా ఇంటికి తెచ్చుకున్నాను. ఓ మధ్యాహ్నం రెండు చెంచాల గంజి తాగి, నా చెయ్యి పట్టుకుంది.

"బిడ్డా, గా చీటీ మాట నాకు తప్పే వస్తది. నువ్వు దిద్దినవ్ గదా. సరైంది జెప్పు, జర."

"ఇప్పుడెందుకవ్వా?"

"గిన్నొద్దులు ఏడ బాయె అని అడిగిన. జవాబు రాలే. నువ్వు జెప్పిన దాంట్ల ఇడిసిపెట్ట అని ఉన్నది గదా. గాయిన నా పోరన్ని ఇడిసిపెట్టలేదని ఒక్కసారి అను. సదువుకున్నదానివి, నువ్వంటే నమ్ముత."

ఐదక్షరాల మాట. అని ఉంటే ఆ తల్లి ప్రాణం కుదుటపడేది. కానీ నాకు నమ్మకం పోయి అప్పటికి చాలాకాలమైంది. ఇంకో సంగతి కూడా ఉంది. వాణ్ని ముందు విడిచిపెట్టింది నేను. గోడకు ఆనుకుని కూర్చున్నవాణ్ని సిగ్గు లేదా అని వెళ్లగొట్టిన నోటితో, దేవుడు విడిచిపెట్టడని ఎలా చెప్పను? దిండు సర్ది, "పడుకో అవ్వా" అన్నాను. ఆమె నా నోటికేసి కాసేపు చూసి, గోడవైపు తిరిగింది. ఆ తర్వాత రెండు రోజులు బతికింది గానీ మళ్లీ అడగలేదు.

ఈ ఏడు నాకొచ్చిన చీటీ ఇంకా పర్సులోనే ఉంది. నిన్న వంటింట్లో ఒక్కదాన్నే నిలబడి, ఆ మాటను తప్పు లేకుండా పైకి పలికి చూశాను. బాగానే పలికాను. దాన్ని పలకాల్సిన మధ్యాహ్నం నాకు ఒక్కటే వచ్చింది, అది అయిపోయి పదేళ్లయింది.