ఆరు కంప్యూటర్లకు వేళ చెప్పినవాణ్ణి

మొన్నొక ఉదయం జూబ్లీ హిల్స్‌లో, రాజదర్బారంత కాఫీ హోటల్లో ఒక మూల కూర్చుని ఉండగా, అక్కడ పనిచేసే అమ్మాయి ఒకతె ఆయాసపడుతూ లోపలికొచ్చి, గోడకున్న హాజరు యంత్రం మీద బొటనవేలు పెట్టింది. యంత్రం పది గంటల మూడు నిమిషాలని చూపించింది. ఆ అమ్మాయి మొహం వాడిపోయింది. నేను చుట్టూ చూశాను కదా, నా ఫోనూ, పక్క బల్లల మీది ఫోన్లూ, బిల్లు కొట్టే కంప్యూటరూ, అన్నీ కూడబలుక్కున్నట్టు అదే మూడో నిమిషం దగ్గరున్నాయి. గడియారాలన్నీ ఇలా ఒక్క మాట మీద ఉండటం ఇప్పటివాళ్ళకి వింత కాదు గానీ, తొంభైల నడిమిలో ఫిలింనగర్‌లో ఆరంటే ఆరు కంప్యూటర్ల చేత ఒకే వేళ చెప్పించడానికి భగీరథుడు పడ్డంత పాటు పడ్డవాణ్ణి నేను. ఆయన దించింది గంగనొక్కదాన్నే, నావి ఆరు!

అప్పట్లో మా బాబాయికి అక్కడొక స్టూడియో ఉండేది. స్టూడియో అని మేమనేవాళ్ళం, చూసినవాళ్ళు మేడ మీద రెండు గదులనేవారు. సినిమా మొదట్లో తెర మీద పడే పేర్లు కంప్యూటర్లో తయారుచేసి ఇవ్వడం మా వృత్తి. ఆరు కంప్యూటర్లనీ తీగలతో కలిపిన ఘనత నాదే. ఆ తీగలు సాగదీస్తే బెజవాడ దాకా వెళ్ళి, మిగిలినదాని మీద ఊరందరి బట్టలూ ఆరేసుకోవచ్చు. అవి ఒకదానితో ఒకటి చక్కగా మాట్లాడుకునేవి గానీ, వేళ దగ్గరికొచ్చేసరికి ఆరూ ఆరు దారులు. ఒకటి రోజుకి నిమిషం ముందుకి పరిగెత్తేది, ఇంకొకటి మధ్యాహ్నం కునుకు తీసేది. గోడ గడియారాన్ని బాబాయి పావుగంట ముందుంచేవాడు, తెర మీద తమ పేరు చూసుకోవడానికి వచ్చే నటులు వేళకొస్తారని. నటులకీ ఆ సంగతి తెలుసు కనుక అరగంట ఆలస్యంగా వచ్చేవారు. దాంతో మా ఆఫీసులో ఏ గడియారాన్నీ ఎవరూ నమ్మేవారు కాదు.

నమ్మింది నా ప్రోగ్రాము ఒక్కటే. రోజూ భోజనాల వేళ అది ఆరు కంప్యూటర్లూ తిరిగి, ఒకే ఫైలు రెండు చోట్ల రెండు రకాలుగా కనబడితే, ఏది తర్వాత సేవ్ చేశారో చూసి, దాన్నే అంతటా ఉంచి పాతదాన్ని చెరిపేసేది. ఏది ముందో ఏది తర్వాతో ఆయా కంప్యూటర్ల గడియారాలు వేసిన ముద్రను బట్టే దానికి తెలిసేది. నా బుర్రలో పుట్టిన బంగారు బిడ్డ అని ఊరంతా చెప్పుకున్నాను.

ఇంతలో ఒక పెద్ద సినిమా వచ్చింది. సోమవారం ఉదయం తొమ్మిదీ పన్నెండుకి టైటిల్స్‌లో మొదటి అక్షరం పడాలని ముహూర్తం. పేర్లు కూర్చే అక్క మోతీనగర్ నుంచి బస్సులో రావాలి. ఆ బస్సు దారిలో మొరాయించి, ఆవిడ వచ్చేసరికి పది దాటి పన్నెండు నిమిషాలైంది. అప్పటికే బాబాయి కర్పూరం మూడుసార్లు వెలిగించి ఆర్పి, సినిమా మునిగిపోయిందనీ, ఆవిణ్ణి పనిలోకి తీసుకున్న రోజు తన జాతకంలో శని నడుస్తోందనీ మెట్ల మీద నిలబడి ఫిలింనగరంతా వినబడేలా చెబుతున్నాడు. అప్పుడు నేను ఆపద్బాంధవుడిలా ముందుకొచ్చి, కంప్యూటర్లో కాలం మన చెప్పుచేతల్లోనే ఉంటుందని చెప్పి, అక్క కంప్యూటర్ గడియారాన్ని సరిగ్గా గంట వెనక్కి తిప్పాను. అక్షరం పడింది, ఫైలు మీద తొమ్మిదీ పన్నెండని ముద్ర పడింది. బాబాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఒరేయ్, నువ్వు సూర్యుణ్ణి కూడా ఆపుతావురా!” అన్నాడు.

సూర్యుణ్ణి ఆపినవాడు ఆ పొగడ్తకి ఉబ్బిపోయి, గడియారాన్ని మళ్ళీ ముందుకి తిప్పడం మాత్రం మరిచిపోయాడు.

ఆ సినిమాలో ఒక పెద్ద నటుడున్నాడు. ఆయన పేరు గుంపులో కాక, అందరి తర్వాత తెర మీద ఒంటరిగా పడాలి. మంగళవారం పదకొండున్నరకి అక్క అలాగే మార్చింది. మర్నాటికి ఆ పేరు మళ్ళీ గుంపులోకి వచ్చి కూర్చుంది. బుధవారం మార్చింది, గురువారానికి మళ్ళీ అంతే. గురువారం ఆ నటుడి మనిషి వచ్చి చూసి, రేపు పొద్దున్నకి పేరు దాని చోట లేకపోతే ఆయన డబ్బింగ్‌కి రారని తేల్చి చెప్పి వెళ్ళాడు. బాబాయి అగ్గిమీద గుగ్గిలమయ్యాడు.

“మార్చానంటావు, మరి ఏమైందమ్మా, ఎలకలు తిన్నాయా? రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు” అన్నాడు.

“ఒట్టు సార్, నా చేతులతోని మార్చిన” అని అక్క టిఫిన్ డబ్బా సంచీలో పెట్టుకుంది. ఇంట్లో నలుగురు తినేది ఆవిడ జీతం మీదేనని మా అందరికీ తెలుసు.

అప్పుడు గుమ్మంలో నిలబడ్డ మా డ్రైవర్ అన్న, రహమత్ నగర్ మనిషి, అక్క కంప్యూటర్ వంక వంగి చూశాడు. “గిదేంది సార్, ఒంటిగంటయితే గీ డబ్బల ఇంకా పన్నెండే ఉన్నది? జర చాబీ ఇయ్యరాదు!” అన్నాడు.

సంగతి నాకప్పుడు వెలిగింది. బాబాయి రోజూ పదకొండింటికి తన గదిలో ఆ ఫైలు తెరిచి, టైటిల్స్ అన్నచోట తన పేరు కళ్ళారా చూసుకుని, మూసేటప్పుడు కంప్యూటర్ ఏమడిగినా, శుభమా అని కాదనకూడదని, ఎస్ నొక్కేవాడు. అలా మళ్ళీ సేవైన పాత ఫైలు మీద పదకొండు ముద్ర. అక్క పదకొండున్నరకి చేసిన కొత్త పని మీద, నేను తిప్పిన గడియారం పుణ్యాన, పదిన్నర ముద్ర. నా బంగారు బిడ్డ రెండు రోజులుగా పాతదాన్ని కొత్తదనుకుని, అక్క కష్టాన్ని చెరిపేస్తోంది.

గడియారం గుట్టుగా సరిచేసి ఊరుకోవచ్చని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. నేను అబద్ధాలు బోలెడు చెబుతాను గానీ అవి పొడుగైన తీగల గురించే. అక్క మెట్లు దిగకముందే బాబాయి ఎదుట నిలబడి, తప్పు నాదని చెప్పాను.

“తిప్పింది నువ్వైనా సంబరపడింది నేను కదరా” అన్నాడు బాబాయి. తనే మెట్లు దిగివెళ్ళి అక్కని వెనక్కి పిలుచుకొచ్చాడు.

ఆవిడ సంచీ కిందపెట్టి నన్ను ఎగాదిగా చూసింది. “ఏం తమ్మీ, గడియారంతోని నా కొలువు గూడ తిప్పుదామనుకున్నవా?” అంది. సాయంత్రానికి పేరు ఒంటరిగా, దర్జాగా దాని చోట నిలబడింది. శుక్రవారం ఆ నటుడు డబ్బింగ్‌కీ వచ్చాడు.

ఆ వారమే నేను కొత్త చట్టం తెచ్చాను. పెద్ద కంప్యూటర్ ఒక్కటే వేళ చెప్పాలి, తక్కినవి పొద్దున్నే కళ్ళు తెరవగానే దాన్నడిగి దిద్దుకోవాలి. ఆ పెద్దదానికి వేళ చెప్పేవాణ్ణి నేను. రేడియోలో వార్తల ముందు వినబడే కూతలకి చెవి ఆనించి, ఆఖరి కూతకి మీట నొక్కేవాణ్ణి. ఆ క్షణాన ఫిలింనగర్‌లో కాకి కూడా నా అనుమతి లేకుండా అరిచేది కాదు. ముహూర్తాల కోసం బాబాయికి ఎంతైనా తిప్పుకోమని గోడ గడియారం వదిలేశాను. ఆ తర్వాత మా దగ్గర ఒక్క పేరూ చోటు తప్పలేదు. రోజూ అక్క వస్తూనే “తమ్మీ, టైమెంత?” అనేది, చేతికి గడియారం ఉండి కూడా.

ఇప్పుడు వేళ ఎక్కడినుంచి వస్తుందో ఎవరికీ తెలియదు, ఎవరూ ఎవరినీ అడగరు. దాన్ని తప్పనలేను, గడియారం కదపకూడదని మా సందులో మొదట చట్టం చేసినవాణ్ణి నేనే. అయినా ఆ కాఫీ హోటల్లో ఆ అమ్మాయి ఇంకా యంత్రం ముందే నిలబడి ఉంటే, మోతీనగర్ బస్సు గుర్తొచ్చి, లేచి ఆ యంత్రం దగ్గరికి వెళ్ళాను, మూడు నిమిషాలే కదా అని. చుట్టూ తడిమి చూశాను. తిప్పడానికి దానికి ముల్లే లేదు.