తిప్పతీగ కంచె, పదకొండు బత్తాయిలు

కరోనా పోయినా మా నాన్న కషాయం మానలేదు. టేకులపల్లి దాటాక అడవి అంచున మా ఇల్లు. కంచె పొడవునా తిప్పతీగ పాకించి, పొద్దున్నే దాని కాడలు మరిగించి ఇంటిల్లిపాదికీ తాగించేవాడు. ఆ చేదు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆకుల మీద నల్లటి గొంగళిపురుగులు పాకుతుంటే దులపనిచ్చేవాడు కాదు. మందాకు తినే జీవాలను ఏమీ అనకూడదట.

నిరుడు పెరట్లో బత్తాయి చెట్టు మొదటిసారి పదకొండు కాయలు కాసింది. తొలి పంట కోత పండుగనాడు దేవునికి ఇస్తానని నాన్న చర్చిలో అందరి ముందూ చెప్పేశాడు. కాయలు రంగు తిరగ్గానే ఒక్కొక్కటే రాలడం మొదలైంది. ప్రతి కాయకూ సూది మొనంత బెజ్జం, దాని చుట్టూ కుళ్లు.

సూది అనగానే నాన్న చూపు గోడ అవతలికి పోయింది. అక్కడ ఉండేది దర్జీ, నాన్నకు ముప్పై ఏళ్లుగా నేస్తం. ఇద్దరూ రోజూ సాయంత్రం దర్జీ అరుగు మీద చాయ్ తాగేవాళ్లు. ఎవరో సూదితో పొడుస్తున్నారని నాన్న గోడ దగ్గర నిలబడి గట్టిగా అంటే, ఏ సూది అన్నా అని ఆయన అమాయకంగా అడిగాడు. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడని నాన్న తేల్చేశాడు. ఆ రోజు నుంచి చాయ్ బంద్. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

ఏడు రాలి నాలుగు మిగిలాక, ఒక రాత్రి అన్నం తిని నాన్నా నేనూ చెట్టు పక్కన కాపలా కూర్చున్నాం. కాసేపటికి కంచె దగ్గర అలికిడి.

"దొరికిండు," అన్నాడు నాన్న నా చెవిలో.

వచ్చింది దర్జీయే, చేతిలో టార్చితో. పది రోజులుగా నాన్న రావట్లేదని, ఒంట్లో బాగుందో లేదో చూడటానికి వచ్చాడట. ఆ వెలుతురు చెట్టు మీద పడగానే రెండు కళ్లు నిప్పుకణికల్లా మెరిశాయి. పిడికెడు రెక్కల పురుగు ఒకటి కాయలోకి ముక్కు దింపి తీరిగ్గా రసం తాగుతోంది.

దర్జీ చెట్టు దగ్గరికి వెళ్లి చూశాడు. "నాకన్న సన్నగ కుడుతుంది అన్నా ఇది."

మర్నాడు వ్యవసాయాధికారి మేడం వచ్చి చూసింది. ఇది పగలంతా ఆకుల చాటున దాక్కుంటుందట, చీకటి పడ్డాక పండు మీద వాలుతుందట. గొంగళిపురుగుగా ఉన్నప్పుడు తినేది మాత్రం తిప్పతీగ ఆకు. మీరే పెంచిండ్రు సార్ అని ఆమె మెల్లగా చెప్పింది. నాన్న కొడవలి తీసి కంచె మీది తిప్పతీగ కోయడం మొదలుపెట్టాడు. నా జన్మలో అంత సంతోషంగా ఎవరికీ సాయం చేయలేదు.

మిగిలిన కాయలకు దర్జీ చొక్కా ముక్కలతో సంచులు కుట్టి తొడిగాడు. మూడు చర్చికి చేరాయి. నాలుగోది పట్టుకుని నాన్న దర్జీ అరుగెక్కాడు. ఎలా మొదలుపెట్టాలో తెలియక కాయను చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"నా మీద అనుమానపడ్డవని నాకు ఎరుకే అన్నా," అన్నాడు దర్జీ. "అయినా రోజు రెండు గ్లాసులే పోయించిన."

నాన్న తన గ్లాసు అందుకున్నాడు. చల్లారిపోయిన చాయ్‌ని కషాయంలా గుటుక్కున మింగేశాడు.